అడగని ప్రశ్నలకు సున్నాలు

మా బాల్వాడీ పిల్లల తెలివిని పరీక్షించడానికి వచ్చిన ఆ సారును తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తొంభైల్లో, సూరత్‌లో మనవాళ్ల పవర్‌లూమ్ బస్తీలో నేను టీచర్ని. ఆయనా తెలుగాయనే. కాగితంలో ఖాళీ గడి కనిపిస్తే చాలు, చాయ్ తాగుతూనే జిలేబీ చుట్టినట్టు అందులో సున్నా చుట్టేసేవాడు.

ఒకటో తరగతిలో చేరబోయే పిల్లలకు పెట్టే ఆ పరీక్ష రెండు రోజులది. ఒక లూమ్ కార్మికుడి ఐదేళ్ల కూతురు మొదటి రోజు అడిగినవన్నీ గడగడా చెప్పింది. మర్నాటికి ఒంటినిండా అమ్మవారు పోసి మంచం పట్టింది. మిగతా సగం ప్రశ్నలు దాన్నెవరూ అడగనే లేదు. ఈయన వాటన్నిటికీ సున్నాలు చుట్టి, పిల్ల మందబుద్ధి అని రాసేశాడు.

"అడగనియి ఎట్ల తప్పయితయి సారూ? అడిగినకాడికే లెక్క కట్టుండ్రి. లేకుంటే పిల్ల లేచినంక మిగిలినయి అడుగుండ్రి" అన్నాను.

"ఖాళీ వదిలితే టోటల్ ఎట్లయితది టీచరమ్మా? సున్నా పెడితే పనైపోతది" అని నవ్వాడు. ఆ నవ్వు మీద ఒక్కటి పీకాలనిపించింది.

ఆ కాగితం చూసి బడివాళ్లు పిల్లకు సీటు లేదు పొమ్మన్నారు.

పొక్కులు మానగానే అది మా బాల్వాడీకి పరుగెత్తుకొచ్చింది. గడపలోనే నిలబడి రొప్పుతూ అడిగింది.

"టీచర్, సారు మిగిలినయి ఎప్పుడడుగుతడు?"