గాస్కెట్ రాని ఐదు నెలలు

ఆ రోజు అడిక్‌మెట్‌లో యాదగిరి షెడ్డుకు వెళ్లి నా కారులో కూర్చున్నాను. పాతకాలపు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, ఎర్రది, పైన టాప్ లేదు. మల్కాజ్‌గిరిలో ఒక గోడౌన్‌లో కోళ్లు కాపురముంటున్న దాన్ని కొని తెచ్చి, ఇంజన్ బాగుచేయమని మెకానిక్ యాదగిరికి అప్పగించాను. అతనింకా ఇంజన్ దించలేదు. నేను వారానికోసారి వెళ్లి స్టీరింగ్ పట్టుకుని, క్లచ్ తొక్కి, గేర్లు మార్చి, కదలని కారులోనే అనంతగిరి కొండలెక్కి దిగి వచ్చేవాణ్ణి. నా భార్య సుజాత దీన్ని పిల్లాట అనేది. అప్పటికి నాకు నలభై ఏడేళ్లు. యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెబుతాను.

ఆ రోజు క్లచ్ సగం దాకా వెళ్లి ఆగిపోయింది. ఎందుకింత టైట్ చేశావని యాదగిరిని కసురుకున్నాను. అతను వంగి అరచేత్తో పెడల్ నొక్కాడు. అది హాయిగా దిగింది.

"క్లచ్ మంచిగనే ఉన్నది సార్. మీ కాలుకే ఏదో అయింది. జర డాక్టర్‌కు చూపెట్టుండ్రి."

నాకు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా క్లచ్ పాఠం చెబుతున్నవాడికి క్లచ్ సంగతి తెలియదా! నిజానికి రెండు రోజులుగా అరికాళ్లలో తిమ్మిర్లు ఉన్నాయి. అంతకు రెండు వారాల ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. రెండింటికీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు?

సాయంత్రం వీధి చివర క్లినిక్‌లో విటమిన్ మాత్రలిచ్చారు. మర్నాడు పొద్దున మంచం దిగబోతే మోకాళ్లు మడతపడ్డాయి. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా నడుస్తున్న రోజులవి. ఆ రోజు బంద్, తార్నాకలో ఒక్క ఆటో లేదు. సుజాత ఫోన్ చేస్తే యాదగిరి చెడిపోయిన బండ్లు లాగే తన జీపు తెచ్చి, నన్ను మూడంతస్తులు వీపున మోసి దించాడు.

క్యాంపస్ దగ్గర విద్యార్థులు రోడ్డు మీద బైఠాయించి వంటావార్పు చేస్తున్నారు. నాది గుంటూరు. ఆ రోజుల్లో ఆ మాట బయట అనకుండా ఉండటం అలవాటైంది. యాదగిరి దిగి, "మన సారే, కాళ్లు పడిపోయినయి" అన్నాడు. నలుగురు పిల్లలు ఉడుకుతున్న అన్నం గిన్నెను పొయ్యి మీంచి ఎత్తి పక్కన పెట్టి, రాళ్లు జరిపి దారిచ్చారు. అందులో ఇద్దరు నా క్లాసువాళ్లే. ఆ గిన్నె ఎత్తిన చేతుల్ని ఇప్పటికీ తలుచుకుంటాను.

ఆసుపత్రిలో న్యూరాలజిస్ట్ చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూశారు. కాలు ఉలకలేదు, పలకలేదు. "రిఫ్లెక్సెస్ లేవు. ఇప్పుడే అడ్మిట్ అవ్వాలి" అన్నారు. నెర్వ్ కండక్షన్ స్టడీ చేశారు, వెన్నులోంచి నీరు తీసి సీఎస్ఎఫ్ టెస్టుకు పంపారు. జబ్బు పేరు గిలియన్ బారే సిండ్రోమ్, పొట్టిగా జీబీఎస్. ఒంటిని కాపాడాల్సిన ఇమ్యూనిటీయే, విరేచనాల క్రిమితో పోరాడాక, పొరపాటున నరాల పైపొరను తినేస్తుందట. ఐసీయూలో ఐదు రోజులు ఐవీఐజీ అనే యాంటీబాడీల మందు ఎక్కించారు. ఊపిరి బలం చూడటానికి గంటగంటకూ ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టమనేవారు. ముప్పై దాకా వెళ్లేవాణ్ణి పదిహేనుకు పడిపోయాను. పదికి దిగితే వెంటిలేటరేనన్నారు. సుజాత నాతోపాటు పెదవులు కదుపుతూ లెక్కపెట్టేది. పన్నెండు దగ్గర రెండు రోజులు నిలిచింది. మూడో రోజు పద్దెనిమిది దాకా చెప్పగలిగితే ఇద్దరం ఏడ్చాం.

మళ్లీ కారు నడుపుతానా అని అడిగాను. "ముందు నిలబడండి. నరం పొర మళ్లీ వస్తుంది గాని, తొందరపెడితే రాదు" అన్నారు డాక్టరు.

ఇంటికొచ్చాక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి రోజూ వచ్చేది. ఏ ఎక్సర్‌సైజ్ అయినా పది అంటే పదే, ఈ జబ్బులో అలసిపోయేదాకా చేస్తే ఉన్న బలమూ పోతుందని మరీమరీ చెప్పింది. నెలన్నరకు వాకర్‌తో హాల్లో తిరుగుతున్నాను. అప్పుడు యాదగిరి ఫోన్ చేశాడు. ఇంజన్ రీబోర్ అయింది, సిలిండర్లు తొలిపించి బిగించేశాడు, ఆదివారం స్టార్ట్ చేస్తాడట.

ఆ మాటతో నాకు మతి పోయింది. సుజాతను బజారుకు పంపి, పది చేయాల్సిన చోట నలభై చేశాను. అదీ చాలక మెట్లు దిగబోయాను. నాలుగో మెట్టు మీద కాళ్లు వదిలేశాయి. తలకు కుట్లు పడ్డాయి, కాళ్లు పదిరోజులపాటు తడిసిన బట్టల్లా వేలాడాయి. తుంటి విరక్కపోవడం అదృష్టమని, ఇంకోసారి పడితే నడక మాట మరిచిపోవచ్చని డాక్టరు తిట్టారు. ఆదివారం యాదగిరి వచ్చాడు. నా తలకున్న కట్టు వంక చాలాసేపు చూశాడు.

"బండి స్టార్ట్ కాలే సార్. హెడ్ గాస్కెట్ ఖరాబైంది. బొంబాయికెళ్లి రావాలె."

ఆ గాస్కెట్, సిలిండర్ హెడ్ కింద వేసే పల్చటి రేకు, ఐదు నెలలు రాలేదు. ఒకసారి బంద్, ఒకసారి రైల్ రోకో, ఒకసారి పార్సిల్ ఎక్కడో ఆగిపోయింది. ఏ గొడవా లేని వారాల్లో కూడా ఏదో ఒకటి. యాదగిరి మంచివాడే గాని పనిదొంగ అని సుజాత దగ్గర నోరు పారేసుకున్నాను. వేరే మెకానిక్‌ను చూస్తానన్నాను. వచ్చినప్పుడు వస్తుందిలెండి అని ఆమె తేల్చేసేది. ఇక చేసేదేముంది, రోజూ పది చేసి ఊరుకునేవాణ్ణి.

చివరికి మునివేళ్ల మీద నిలబడగలిగాను. డాక్టరు నడపొచ్చన్నారు. అపార్ట్‌మెంట్ కింద మా మామూలు కారులో ఇంజన్ ఆపి కూర్చుని, బ్రేకు బలమంతా పెట్టి తొక్కి పది లెక్కపెట్టాను. అలా పదిసార్లు. కాలు వణకలేదు. క్లచ్ కూడా అంతే. అక్కణ్ణుంచే యాదగిరికి ఫోన్ చేశాను. గాస్కెట్ నిన్ననే వచ్చింది సార్ అన్నాడు. ఎంత కలిసొచ్చింది అనుకున్నాను!

ఇంజన్ విప్పిన బండిని యాదగిరి ఊరికే అప్పగించడు. ఓనర్ నడపాలి, తాను పక్కన కూర్చోవాలి. ట్రయల్ అంటాడు. వారం తర్వాత తెల్లవారగానే ఇద్దరం బయల్దేరాం. నంబర్ ప్లేటు మీద ఏపీ బదులు టీజీ అంటించి ఉంది. అతను నన్ను అడగలేదు, నేనూ అతన్ని అడగలేదు.

వికారాబాద్ దాటి అనంతగిరి మలుపులు మొదలయ్యాయి. అబ్బ, ఏం బండి అది! నేలకు జానెడెత్తున కూర్చుని, మలుపుకు ముందే గేరు తగ్గించి, చూపు మలుపు చివర పెడితే చాలు, ముక్కు దానంతటదే అటు తిరుగుతుంది. ఒక వంపులోంచి ఇంకో వంపులోకి మెత్తగా జారుతుంది. టాప్ లేదు కనుక చెట్ల నీడలు మా తలల మీంచే పోతున్నాయి. ఎడమకాలు క్లచ్ తొక్కుతోంది, వదులుతోంది. నా కాలు! కళ్లలో నీళ్లు తిరిగితే గాలి మీదికి నెట్టాను.

మూడో మలుపు దగ్గర అనుమానం వచ్చింది. కొత్తగా రీబోర్ చేసిన ఇంజన్ బిగుసుకుని ఉంటుంది. కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడిపితే గాని వదులు కాదు. క్లాసులో ఏటా చెప్పే పాఠమే. ఇది వెన్నలా తిరుగుతోంది. మీటరు చూశాను. షెడ్డులో వారంవారం చూసిన అంకె కంటే ఎనిమిది వందల కిలోమీటర్లు పెరిగి ఉంది. కారు పక్కకాపి, ఇది ఎప్పుడు తయారైందో నిజం చెప్పమన్నాను.

"మీరు పడ్డంక వచ్చిన ఆదివారమే స్టార్టయింది సార్. అయిందని చెప్తే మీరు ఊకుంటరా? మళ్ల మెట్లు దిగుతరు. సుజాతమ్మకు చెప్పిన, ఆమె కూడ చెప్పొద్దన్నది. బంద్ ఉన్న పొద్దుల్ల రోడ్లు ఖాళీ గద, నలభై దాటకుండ నేనే తిప్పిన."

అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ చేతిని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. గోళ్ల సందుల్లో నా బండి నల్లనూనె ఉంది.

ఇప్పుడు బాగానే ఉన్నాను. చలికాలంలో ఎడమకాలి చిటికెనవేలు మొద్దుబారుతుంది, అంతే. నెలకోసారి ఆ మలుపులకు వెళతాం. జీబీఎస్ నుంచి కోలుకుంటున్నవారికి నేను చెప్పగలిగేది ఒక్కటే. ఫిజియో పది అంటే పదే చేయండి. పదకొండోది చేయాలని కాళ్లు దురద పెడుతున్నప్పుడు మీ వాళ్లెవరైనా వచ్చి గాస్కెట్ ఇంకా రాలేదంటే, గొడవ పడకుండా నమ్మండి.