ఖమరుద్దీన్ ఎక్కించిన ఇంజను

చేతికి కట్టు విప్పిన మర్నాడే ఖమరుద్దీన్ డ్యూటీకి వచ్చాడు. 1994 ఆగస్టు నెల. ఒమన్‌లో ఘాలా అనే చోట ఆ రేకుల గ్యారేజీ పొద్దున ఎనిమిదింటికే పెనంలా కాలుతోంది. అతని స్పానర్ల పెట్టె వేరొకరి బల్ల కింద కనిపించింది. ఫోర్‌మన్ మజహర్, హైదరాబాదు మనిషి, చూపు తప్పించుకుంటూ, "అందరికీ చాయ్ పెట్టు మియా," అన్నాడు.

పాతికేళ్లుగా ఇంజన్లు విప్పుతున్న మనిషికి టీ గిన్నె అప్పగించారన్నమాట.

ఖమరుద్దీన్‌ది కడప జిల్లా రాయచోటి. లారీ షెడ్లో పెరిగాడు, ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలడని పేరు తెచ్చుకున్నాడు. 1987లో ఒమన్ వచ్చి హమూద్ గ్యారేజీలో చేరాడు. ఏడేళ్లు ఏ మాటా పడకుండా పనిచేశాడు. ఆ జూన్‌లో ఒక బండికి ఫ్యాన్ బెల్టు సరిచేస్తుంటే, లోపల కూర్చున్నవాడు చూసుకోకుండా స్టార్టు కొట్టాడు. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు సగానికి తెగిపోయాయి. ఉంగరం వేలు మిగిలింది గానీ వంగదు.

యజమాని హమూద్‌ని అందరూ అర్బాబ్ అనేవారు. చెడ్డవాడేం కాదు. ఆసుపత్రికి రోజూ వచ్చి చూశాడు. వచ్చీరాని ఉర్దూలో ఒక మాట మాత్రం చెప్పేశాడు: "నీ వీసా నవంబరు దాకా ఉంది. అప్పటిదాకా హాయిగా కూర్చో. తర్వాత ఇంటికి వెళ్లు. పిల్లల్ని చూసుకో."

తిట్టినా బాగుండేదనిపించింది ఖమరుద్దీన్‌కి. ఆ దయే అతనికి ముల్లులా గుచ్చుకుంది.

ఎవరికీ చెప్పకుండా ఎడమచేతికి చదువు మొదలుపెట్టాడు. అన్నం మాత్రం మిగిలిన వేళ్లతో కుడిచేత్తోనే తినేవాడు, మెతుకులు జారిపోయినా సరే. పనంతా ఎడమచేతికి నేర్పాడు. టీ నీళ్లు మరిగేలోపు పది బోల్టులకు పది నట్లు ఎక్కించి, మళ్లీ విప్పేవాడు. వారం తిరిగేసరికి అవే పదీ కళ్లు మూసుకుని చేశాడు. ఇంటికి ఉత్తరం కూడా ఎడమచేత్తోనే రాశాడు, ప్రమాదం సంగతి దాచిపెట్టి. భార్య జైనబీ నుంచి మూడు వారాల్లో జవాబు వచ్చింది: "ఇది నీ రాత కాదే. ఎవురితో రాయిస్తాండావు? నీ చేతికేమైంది? దాయాకుండా చెప్పు." ఇక దాచలేక అంతా రాశాడు. చివర ఒక ముక్క చేర్చాడు: "ఈ ఉత్తరం కూడా నేనే రాసినాను. పోయినసారి కంటే బాగుండాది, చూడు."

సెప్టెంబరు మొదటి వారంలో సయీద్ అనే ముసలాయన తాళ్లతో లాగించుకుని ఒక పాత ల్యాండ్ క్రూయిజర్ పికప్పును తెచ్చాడు. రుస్తాక్ దాటి కొండల్లో ఉంటుంది ఆయన ఊరు. తేనెటీగలు పెంచుతాడు. బండి 1978 మోడల్. పెట్రోలు ఇంజను బ్లాకు పగిలిపోయింది. మజహర్ టార్చి వేసి చూసి తల అడ్డంగా ఊపాడు. "తుక్కుకి వేసెయ్యి బాబా."

సయీద్ కదల్లేదు. కొండమీద మూడు ఊళ్ల తేనెటీగలు ఉండే బోలు దుంగలకు ఆ ఒక్క బండే దిక్కు. అక్టోబరు నడిమికి లోయలో సిదర్ చెట్లు పూస్తాయి. మన రేగుచెట్టుకు దగ్గరి చుట్టం అది. పూత నిలిచేది కొద్ది వారాలే. ఆలోపు ఈగలను కిందికి దించాలి. దించకపోతే ఆ ఏడు తేనె లేనట్టే. గాడిదల మీద దించితే లోపల పట్టు విరిగిపోతుంది. ఇదంతా చెప్పి, ముసలాయన బండి మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు.

ఖమరుద్దీన్ టీ గ్లాసులు కింద పెట్టాడు. గ్యారేజీ వెనక దొడ్లో అదే కంపెనీ 1991 మోడల్ బండి ఒకటి పడి ఉంది. వరదలో దొర్లి పైకప్పు నుజ్జయింది గానీ, దాని ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజనుకు దెబ్బ తగల్లేదు. ఆ సంగతి అతనికి తెలుసు.

"అర్బాబ్, ఆ ఇంజను తీసి దీనికి ఎక్కిస్తాను," అన్నాడు, గుమ్మంలో నిలబడి చూస్తున్న హమూద్‌తో.

"నక్కో మియా, వద్దు!" అన్నాడు మజహర్. "అది పొడుగు, ఇది పొట్టి. అది డీజిలు, ఇది పెట్రోలు. కూర్చోబెట్టే దిమ్మెలు కూడా కలవవు. రెండు చేతులు సరిగ్గా ఉన్నవాడికే సాధ్యం కాదు." అన్నాక నాలిక కరుచుకున్నాడు.

హమూద్ ఆ చేతి వంక చూశాడు. ఖమరుద్దీన్ దాన్ని వెనక్కి దాచుకోలేదు. "నవంబరు దాకా నేను ఎటూ ఇక్కడే ఉంటా కదా అర్బాబ్. టీ ఇంకెవరైనా కాస్తారు. పూత లోపు బండి కదలకపోతే, మీరు చెప్పక ముందే నా పెట్టె సర్దుకుంటా."

హమూద్ సయీద్ వైపు తిరిగి అరబ్బీలో ఏదో అడిగాడు. ముసలాయన గడ్డం నిమురుకుని, ఖమరుద్దీన్‌ని ఎగాదిగా చూసి, తాళంచెవి తెచ్చి అతని ఎడమచేతిలో పెట్టాడు.

పని మొదలైంది. తోడుగా వచ్చినవాడు ఒక్కడే, భీమన్న. జగిత్యాల దగ్గరి మనిషి, నలభై దాటినవాడు. గ్యారేజీ వెనకున్న బిల్డింగు కంపెనీ క్యాంపులో ఉంటాడు, తాపీమేస్త్రి. రొట్టెల కొట్టు దగ్గర తెలుగు మాట వినబడి కలిసిన స్నేహం. సాయంత్రం సైట్ నుంచి దిగగానే వచ్చి ఇంజను ఎత్తే చైన్ కప్పీ లాగేవాడు.

"ఖమర్ భాయ్, గింత పెద్దదాన్ని గా సందుల ఎట్ల పెడ్తవే?"

"పడతాదిలే భీమన్నా. సందు చిన్నదైతే సందునే పెద్దది చేస్తా."

అన్నంత పనీ చేశాడు. రేడియేటరును జానెడు ముందుకు జరిపాడు. కొత్త ఇంజనుతో పాటు దాని గేర్‌బాక్సునూ ఎక్కించాడు. ట్యాంకు కడిగి, మిగిలిన డీజిల్ తిరిగి వచ్చేందుకు రెండో గొట్టం వేశాడు. ఇంజను కూర్చునే ఇనప దిమ్మెలను రేకులు కోసి కొత్తగా చేసి, ఎడమచేత్తో వెల్డింగు పెట్టాడు. మొదటి అతుకులు చీమలబారులా వంకరపోతే, కోసేసి మళ్లీ పెట్టాడు. ఇంజను నుంచి వెనక ఇరుసుకు తిప్పుడు అందించే పొడుగాటి షాఫ్టును లేతు షాపులో కొలతకు కోయించాడు.

సెప్టెంబరు ఆఖరి శుక్రవారం తాళం తిప్పాడు. ఇంజను ఒకసారి దగ్గి, నల్లగా పొగ వదిలి, అందుకుంది. భీమన్న ఈల వేశాడు. మజహర్ కూడా దగ్గరికి వచ్చి చెవి పెట్టి విన్నాడు. ముగ్గురూ సీబ్ రోడ్డెక్కారు. ముప్ఫై దాకా బండి మబ్బులా పోయింది. యాభైకి రాగానే వణుకు మొదలైంది. అరవైకి సీట్లు, తలుపులు, పళ్లు అన్నీ టకటకలాడాయి. ఖమరుద్దీన్ కాలు తీసేలోపే కింద ఫట్‌మని చప్పుడైంది. షాఫ్టు జాయింటు విరిగి, కొస రోడ్డు మీద నిప్పురవ్వలు లేపింది.

లాగించుకుని తిరిగి వచ్చారు. మజహర్ ఈసారి ఎగతాళి చెయ్యలేదు. "చేసినంత చేశావు మియా," అని భుజం తట్టి వెళ్లాడు.

ఖమరుద్దీన్ బండి పక్కనే నేలమీద కూలబడ్డాడు. మొండి వేళ్లు సలుపుతున్నాయి. ఈ చేత్తో కొలత తప్పిందా? కన్ను తప్పిందా? వాళ్లన్నదే నిజమా? అడగడానికి ఎవరూ లేరు. తర్వాత లేచి, విరిగిన జాయింటు విప్పి, షాఫ్టును మళ్లీ లేతు షాపుకు మోసుకెళ్లాడు. తిప్పి చూశారు. షాఫ్టు తిన్నగా ఉంది. దాంట్లో వంకరేం లేదు. అంటే తప్పు వేరే చోట ఉంది. దొరకని తప్పు కంటే దొరకబోయే తప్పు నయమనుకుని కొంచెం తేలికపడ్డాడు.

మర్నాడు సాయంత్రం భీమన్న బండి కింద పడుకుని పైకి చూస్తూ ఉన్నట్టుండి అన్నాడు: "అరె భాయ్, నీ ఇంజను ఎన్కకు వాలింది గదనే."

"కొంచెం వాలాల్నే. అది మామూలే. షాఫ్టు ముందు బిళ్ల ఎంత వాలితే ఎనక బిళ్ల గూడా అంతే వాలాల, రెండూ సమంగా ఉంటే సాలు."

"ఉన్నయా?"

ఖమరుద్దీన్ కళ్లతో చూశాడే తప్ప కొలవలేదు.

భీమన్న క్యాంపుకు పోయి గోడలు కట్టేటప్పుడు వాడే తూకపుగుండు తెచ్చాడు. షాఫ్టు రెండు కొసలూ బిగించే గుండ్రటి బిళ్లలున్నాయి, ఒకటి గేర్‌బాక్సు వెనక, ఒకటి ఇరుసు ముందర. ముందు బిళ్ల పై అంచు నుంచి దారం వేలాడదీశాడు. కింది అంచుకూ దారానికీ మధ్య వేలు దూరింది. వెనక బిళ్ల దగ్గర అట్లాగే చేశాడు. అగ్గిపుల్ల మాత్రమే దూరింది.

"గోడైతే మా పెద్ద మేస్త్రి కూలగొట్టిస్తుండె," అన్నాడు భీమన్న.

ఎక్కడ తప్పిందో అప్పటికి ఖమరుద్దీన్‌కు తెలిసింది. ఇంజను కప్పీకి వేలాడుతుండగానే దిమ్మెలకు వెల్డింగు పెట్టేశాడు. కప్పీ వదలగానే బరువుకి అది వెనక్కి కుంగింది. అది చేతి తప్పు కాదు, తొందర తప్పు. రెండు చేతులున్నప్పుడు కూడా తను చేసి ఉండేవాడేమో.

"అయితే కూలగొడదాం," అన్నాడు.

తన అతుకులన్నీ తనే కోశాడు. గ్రైండరు ఎడమచేత్తో పట్టుకుని, కుడి ముంజేతితో అదిమిపెట్టి కోశాడు. ఈసారి ఇంజను పూర్తి బరువు దిమ్మెల మీద వదిలేసి, చెక్కలు దూర్చి, దారం రెండు చోట్లా ఒక్కటే లెక్క చూపించేదాకా సర్ది, అప్పుడు గానీ మంట వెలిగించలేదు. ఒక్కో అతుకుకీ ఆగి మళ్లీ దారం వేశారు. ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజుల్లో సయీద్ రెండుసార్లు వచ్చి, ఖర్జూరాలు పెట్టి వెళ్లాడు. రెండోసారి మాత్రం వేళ్లతో చూపించాడు, మొగ్గ ఇంతైందని.

అక్టోబరు ఎనిమిదిన హమూద్ స్వయంగా పక్కసీట్లో కూర్చున్నాడు. యాభై. అరవై. ఎనభై. ఖమరుద్దీన్ చెవి బండి కిందే ఉంది. ఏ వణుకూ లేదు. హమూద్ కిటికీ అద్దం దించి మోచెయ్యి బయట పెట్టుకున్నాడు. ఇంజను మార్చిన బండికి జరిపే తనిఖీలో పోలీసు అధికారి బానెట్టు ఎత్తించి, బ్రేకు రెండుసార్లు కొట్టించి చూసి, బండి కాగితం మీద కొత్త ఇంజను నంబరు ఎక్కించాడు.

దారిలో ఏదైనా ఊడితే చూసుకోవడానికి ఖమరుద్దీన్ కూడా కొండెక్కాడు. తెల్లవారుజాము చల్లదనంలోనే ఈగల దుంగల మూతులు గుడ్డలతో బిగించారు. ఖర్జూరపు మానును తొలిచి చేసినవి. ఒక్కోటీ పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి పికప్పులో పరిచారు. రాళ్ల దారిలో రెండో గేరులో దిగుతుంటే సయీద్ ప్రతి మలుపులోనూ బండి ఆపమని, వెనక్కి వెళ్లి ఒక దుంగకు చెవి ఆనించేవాడు. డీజిలు మోతకు ఈగలు బెదురుతాయని ఆయన భయం. నాలుగో మలుపు తర్వాత ఆపమనలేదు.

లోయలో సిదర్ చెట్లకు అప్పుడే పూత పసుపుపచ్చగా విచ్చుకుంటోంది. దుంగ మూతి గుడ్డ లాగగానే ఒక ఈగ వచ్చి ఖమరుద్దీన్ ఎడమచేతి మీద కుట్టింది. "అబ్బా!" అని చెయ్యి విదిలించాడు. సయీద్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఖమరుద్దీన్‌కూ నవ్వొచ్చింది. జూన్ తర్వాత అంతగా నవ్వడం అదే.

నవంబరులో వీసా కాగితాలు కొత్తవి వచ్చాయి. హమూద్ వాటిని బల్లమీద పడేసి, "పెట్టె నీ బల్ల కిందికి తెచ్చుకో," అన్నాడు, అంతే. మరుసటి ఏడు సెలవుకు రాయచోటి వెళ్లినప్పుడు జైనబీ ఆ చేతిని చాలాసేపు తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇక పోవద్దని అనలేదు. అంటే వింటాడా అని ఆమె అనుకుందో, అతను పోవాలనే అనుకుందో, ఖమరుద్దీన్ అడగలేదు.

కొండ ఊళ్లలో ఆ బండి సంగతి పాకింది. సూర్ నుంచి, ఇబ్రా నుంచి పాత పికప్పులు రావడం మొదలైంది. మజహర్ హైదరాబాదు వెళ్లిపోయాక, 1997లో ఖమరుద్దీన్ ఫోర్‌మన్ అయ్యాడు. వచ్చిన పనల్లా ఒప్పుకునేవాడు కాదు. ఒకసారి సీబ్ కుర్రాడొకడు చిన్న కారు తెచ్చి, దానికి పెద్ద ఇంజను పెట్టమని పట్టుబట్టాడు. ఖమరుద్దీన్ కారు కిందికి దూరి బ్రేకులు చూసి, బయటికొచ్చి, "ఈ బ్రేకులు దాన్ని ఆపలేవు. చెయ్యను," అన్నాడు. కుర్రాడు గంటసేపు బతిమాలాడు, కోప్పడ్డాడు, వేరే గ్యారేజీ వెతుక్కుంటానని వెళ్లిపోయాడు. అప్పటికే షెడ్డు ముందు ఇంకో పాత పికప్పు వచ్చి ఆగింది. ఖమరుద్దీన్ దాని బానెట్టు ఎత్తాడు.