సాయవ్వకు నిద్ర పట్టిన సంగతి

1984 జూన్‌లో నన్ను ఎల్లారెడ్డిలోని ఒక బాలికల హాస్టల్‌కు మేట్రన్‌గా బదిలీ చేశారు. పిల్లల హాజరు, సరుకుల రిజిస్టరు, వంట, జబ్బు చేస్తే వైద్యం, అన్నిటికీ మేట్రనే జవాబుదారీ. రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పించి, పడకల మధ్య నడుస్తూ తలలు లెక్కపెట్టుకోవడం కూడా ఆ పనిలో భాగమే.

ఆ ఏడు ఆరో తరగతిలో చేరిన సాయవ్వది నాగిరెడ్డిపేట వైపు ఊరు. తండ్రి మల్లయ్య గొర్లు కాస్తాడు. ఇంటి నుంచి ఆ పిల్ల తెచ్చుకున్నవి ఒక రేకుపెట్టె, ఒక నల్ల గొంగడి. నెల తిరగకముందే, మొదటి పీరియడ్‌లోనే నిద్రపోతున్నదని బడి నుంచి ఫిర్యాదు వచ్చింది. పిలిచి చూశాను. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ చుట్టూ చర్మం దళసరిగా పొలుసుబారి ఉంది. గోకిన చోటల్లా నెత్తుటి చారలు.

హాస్టళ్లలో గజ్జి మామూలు. ఒకరికి కనిపిస్తే అందరికీ మందు పూయాలన్నది మా పద్ధతి. ఆ ప్రకారమే పిల్లలందరినీ వరుసలో నిలబెట్టి మెడ నుంచి పాదాల దాకా తెల్లటి గజ్జి మందు పూయించాను. మిగతావాళ్లు చల్లగా ఉందని నవ్వుకున్నారు. సాయవ్వ మాత్రం లంగా అంచు నోట్లో కుక్కుకుని నిలబడింది. మండుతున్నదా అని అడిగితే లేదన్నట్టు తల ఊపింది. రెండు రోజులకు చర్మం పచ్చిపుండై రసి కారసాగింది.

ఆదివారం పిల్లలను చూడవచ్చిన తల్లులు ముగ్గురు నా గదికి వచ్చారు.

"గా పిల్లను ఇంటికి పంపుండ్రి మేడం. లేకుంటె మా పిల్లలను మేం తోల్కపోతం."

పంపితే సాయవ్వ గొర్ల వెంట పోతుంది, మళ్లీ రాదు. పంపకపోతే వాళ్లు అన్నంత పనీ చేస్తారు. వచ్చే ఆదివారం దాకా ఆగమని బతిమాలుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సాయవ్వను బస్సెక్కించి కామారెడ్డి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ నాతో మాట్లాడకముందే, రాత్రిపూట ఎట్లా ఉంటుందని పిల్లనే అడిగింది.

"గొంగడి కప్పుకున్నంక పెయ్యి మీద చీమలు వారినట్టయితది. అందరు పండుకున్నంక లేసి కూసుంట. గోకితె చప్పుడైతదని గోడకు రాసుకుంట" అన్నది సాయవ్వ.

ఆ మాట వినేదాకా నాకా సంగతే తెలియదు.

"ఇది గజ్జి గాదు, ఎగ్జిమా. ఎవ్వరికి అంటదు. మీరు పూసిన మందు పుండు మీద కారం చల్లినట్టే" అన్నది డాక్టరమ్మ. తర్వాత చేయవలసినవి వివరంగా చెప్పింది. ఎర్రబడిన చోట్ల మాత్రమే ఆమె ఇచ్చిన మలాము పలుచగా, చెప్పినన్ని రోజులే రాయాలి. స్నానం సాయంత్రం, గోరువెచ్చటి నీళ్లతో, త్వరగా ముగించాలి. బట్టల సబ్బు ఒంటికి తగలకూడదు. రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది, తడి ఆరకముందే ఒళ్లంతా వాజిలైన్ పట్టించాలి. గోళ్లు పొట్టిగా ఉండాలి. ఉన్ని ఒంటికి ఆనకూడదు.

మా హాస్టల్‌లో స్నానాలు తెల్లవారుజామున, చన్నీళ్లతో. సాయంత్రం వేడినీళ్లకు కట్టెలెక్కడివని వంటమనిషి నర్సవ్వతో అన్నాను. "అన్నం దించినంక నిప్పులుంటయి గద మేడం. గుండిగల నీళ్లు వోసి వెడ్త" అని ఆమే దారి చూపింది. వాజిలైన్ నేనే రాశాను, వరండాలో, అందరూ చదువుకునే వేళ, వట్టి చేతులతో. చేతులు కడుక్కుని అందరికీ అన్నం వడ్డించాను. పిల్లలు చూడాలనే అట్లా చేశాను.

గొంగడి దగ్గరే చిక్కు వచ్చింది. సాయవ్వ దాన్ని వదలనన్నది. కబురందుకుని వచ్చిన మల్లయ్యా ఒప్పుకోలేదు.

"గొంగడి లేకుంటె పిల్లకు నిద్రెట్ల వడ్తది మేడం? పుట్టినకాడికెల్లి దాంట్లనే పండింది."

చివరకు నా పాత నూలుచీర ఇచ్చి, దిండు గలీబులాగా గొంగడికి తొడుగు కుట్టుకోమన్నాను. తండ్రి సరేనన్నాడు. సాయవ్వే కూర్చుని కుట్టుకుంది.

మొదటి మూడు రాత్రులూ తేడా లేదు. అర్ధరాత్రి మరోసారి పోయి చూస్తే కూర్చునే ఉండేది. నాలుగో రాత్రి వెళ్లేసరికి పక్కకు ఒత్తిగిలి, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతున్నది. పేరు పెట్టి పిలిచినా లేవలేదు. నేను గదికి వచ్చి, ఆ వారంలో మొదటిసారి తెల్లవారేదాకా పడుకున్నాను.

ఆదివారం ఆ తల్లులు మళ్లీ వచ్చి నా చేతులు తిప్పి తిప్పి చూశారు. "మీకైతె ఏం గాలే" అన్నది ఒకామె. పిల్లలనెవరూ తీసుకెళ్లలేదు.

జబ్బు పూర్తిగా పోలేదు. చలికాలంలో తిరగబెట్టింది. అప్పటికి సాయవ్వ తన నీళ్లు తానే తోడుకుని, తన వాజిలైన్ తానే రాసుకునేది. మంచి మార్కులతో ఏడో తరగతికి వచ్చింది. ఆ జూన్‌లోనే మల్లయ్య చిన్న కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఇది గూడ గోక్కుంటది మేడం. ఈడనైతె నిద్రవోతదని తోల్కొచ్చిన."

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి హాస్టల్‌లోనూ, ఏ పిల్ల ఒంటి మీద ఏ మచ్చ కనిపించినా, మందు సీసా మూత తీయకముందు రాత్రి ఎట్లా గడిచిందని అడిగాను. ఆ ప్రశ్న మా నియమాల్లో ఎక్కడా రాసి లేదు. చాలాసార్లు జవాబులోనే సగం వైద్యం దొరికింది.