ఊపిరి గొట్టంలో గంగమ్మ

జంగ్లీఘాట్‌లో మల్లేశు పేరు తెలియనివాడు ఎవడైనా ఉంటే, వాడు నిన్న సాయంత్రమే ఓడ దిగి ఉండాలి. ఈ ఉదయం టీ తాగే వేళకి వాడికీ తెలిసిపోయి ఉంటుంది, మల్లేశే చెప్పి ఉంటాడు కనుక. నడిసముద్రంలో ఆగిపోయిన బోటు ఇంజన్‌ని ఒడ్డున కూర్చుని ఫోన్లో దాని దగ్గు విని బాగుచేసే మెకానిక్కు ఈ దీవుల్లో తానొక్కడేనని చెబుతాడు. అందులో సగం నిజమే. మిగతా సగం కూడా నిజమేనంటాడు.

చెప్పనిది ఒకటుంది. దాన్ని ఊరే చెబుతుంది. శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకి వలలు భుజాన వేసుకుని వచ్చిన జాలరి కొడుకు మల్లేశు. మీసం రాకముందే తండ్రి పడవెక్కించాడు. చేపపిల్లకి ఈత నేర్పాలా అనుకున్నాడు పాపం. ఆ చేపపిల్ల ఒడ్డు కనుమరుగు కాకముందే పడవ అంచు పట్టుకుని వాంతులు మొదలెట్టింది. ఆ రోజు వలలో పడిన చేపల కంటే మల్లేశు సముద్రానికి ఇచ్చుకున్నదే ఎక్కువని వాళ్ళ చిరంజీవి బాబాయి ఇప్పటికీ నవ్వుతాడు. అప్పట్నుంచి మల్లేశు తడి ఇసుక దాటి నీళ్ళలోకి వెళ్ళలేదు. పడవలే అతని దగ్గరికి వచ్చేవి. ఇంజన్లు విప్పాడు, బిగించాడు, యాభై దాటాడు. పెంచిన మీసం మాత్రం నడిసముద్రంలో తుఫాన్లు దాటినవాడిలా ఉంటుంది.

ఆ చేతుల్లోంచి వచ్చిన గొప్ప వస్తువు ఒక జీపు. దాని యజమానురాలు గౌతమి, చౌల్దారీలో కూరగాయలు పండించేవాళ్ళ అమ్మాయి, నర్సు. డిగ్లీపూర్ అవతల బస్సు వెళ్ళని పల్లెలకు మందుల పెట్టె వేసుకుని తిరగాలని, ఎక్కడో తుప్పు పడుతున్న పాత జీపుని కొని మల్లేశు షెడ్డు ముందు పడేసింది. మల్లేశు దాన్ని జీపుగా ఉంచలేదు. కింద స్ప్రింగులు పెంచి నడుమెత్తు లేపాడు. ముందు బంపరుకి, ట్రాలర్లో వల లాగే వించి బిగించాడు. అద్దం పక్కనుంచి పైకప్పు దాకా ఒక ఇనుప గొట్టం నిలబెట్టాడు. వాగులో బానెట్టు మునిగినా ఇంజను ఆ గొట్టంలోంచి పైగాలి పీల్చుకుంటుంది.

"ఇది దీని ముక్కు అమా! ప్రాణం ఇక్కడే ఉంటాది," అని తల్లి కాళమ్మకి గొట్టం తట్టి మరీ చూపించాడు. ఈ మాట గుర్తుంచుకోవాలి. మల్లేశు గుర్తుంచుకోలేదు.

ఆ జీపు వాగు దాటుతుంటే మొసళ్ళు పక్కకి జరిగి దారిచ్చేవట. ఒక ముసలి మొసలి తోకతో సలాం కూడా కొట్టిందట. గౌతమిని అడిగితే, "సలాం నేను చూడలేదు గానీ, జరగడం మాత్రం జరిగింది," అంటుంది.

అలాంటి గౌతమికి న్యూజిలాండ్‌లో ఉద్యోగం వచ్చింది, కొండల మధ్య ఏదో చిన్న ఊరి ఆసుపత్రిలో. జీపుని కూడా తీసుకుపోతానంది.

"అక్కడ జీపులు దొరకవేటి దీదీ?" అని టీకొట్టు గణేష్ ఎకసెక్కమాడాడు.

"దొరుకుతాయి. దీన్లా బురదలోంచి నన్ను ఇంటికి తెచ్చినవి దొరకవు," అంది గౌతమి.

మల్లేశు మీసం దువ్వుకున్నాడు. సముద్రం దాటలేని మల్లేశు చేతిపని సముద్రం దాటబోతోంది మరి.

బండికి చేసిన మార్పులన్నీ చూసి అనుమతివ్వాల్సిన ఇంజనీరు రెండు లైట్లు పీకించి సంతకం పెట్టేశాడు. అసలు గండం, బండిని ఓడలో పంపించే చెన్నై ఏజెంటు ఫోన్లో చెప్పాడు. ఆ దేశంలో అడుగుపెట్టే బండికి పరాయి మట్టి అంటి ఉండకూడదు. గింజ, ఆకు, పురుగు ఏదీ ఉండకూడదు. టార్చిలైటు వేసి కింద పడుకుని మరీ చూస్తారట. దొరికితే తిప్పి పంపేస్తారు, లేదా అక్కడే తుక్కు చేసేస్తారు.

గౌతమి మొహం వాడిపోయింది. మల్లేశు టీకొట్టు బల్ల మీద అరచెయ్యి కొట్టాడు.

"నా జీపులో మట్టి దొరికిందా, ఈ మీసం గొరిగించుకుని జెట్టీ మీద తిరుగుతాను. రాసుకోండి."

"రాయక్కర్లేదు బావా, మంగలికి చెప్పి ఉంచుతాం," అన్నాడు గణేష్.

ఇక మొదలైంది తోమడం. చక్రాలు, సీట్లు, తలుపులు విప్పి, చట్రాన్ని దుంగల మీదకెత్తి, నీళ్ళ పైపు పెట్టి కొట్టాడు. ఎర్రమట్టి రాలితే "ఇది చౌల్దారీ", నల్లమట్టి రాలితే "ఇది డిగ్లీపూర్" అంటూ పేర్లు పెట్టి సాగనంపాడు. రాలిన మట్టితో పెరట్లో బెండమొక్కలు వేస్తే కాయలు మూరెడేసి కాశాయని ఒక వదంతి ఉంది. దీవుల్లో ఎక్కడ చూసినా ఉండే పెద్ద నత్త ఒకటి రోజూ తెల్లారేసరికి చక్రం ఎక్కి కూర్చునేది. మల్లేశు తీసుకెళ్ళి కాలవ అవతల వదిలేవాడు. మర్నాడు మళ్ళీ అక్కడే.

"దానికీ ఫారిన్ ఉద్యోగం వచ్చిందేమోరా, టికెట్టు తీయించు," అనేది కాళమ్మ గుమ్మంలో కూర్చుని వక్కలు కత్తిరిస్తూ. "నా పెళ్ళికి నాకు నలుగు పెట్టినోళ్ళు కూడా ఇంతలా తోమనేదు."

చివరికి ఆ జీపు మీద చెయ్యి వేస్తే వేలు జారిపోయేంత శుభ్రమైంది. మల్లేశు స్నానం చేసి వచ్చాడు. గౌతమిని పక్కన కూర్చోబెట్టుకుని హడ్డో జెట్టీకి బయలుదేరాడు. దారిలో ఎత్తు ఎక్కుతుంటే జీపు ఆయాసపడింది. ఎప్పుడూ లేనిది, రొప్పుతూ, ఆగి ఆగి ఎక్కింది.

"ఏమైంది భయ్యా?" అంది గౌతమి.

"ఏడుస్తోంది. పుట్టింటి నుంచి అత్తారింటికి పోతోంది కదా. మనిషి కన్నా దీనికే గుండె ఎక్కువ," అన్నాడు మల్లేశు.

జెట్టీలో బండిని ఓడ పక్కన వరసలో నిలబెట్టి, కాగితాల కోసం గౌతమిని అక్కడే ఉంచి, మల్లేశు భోజనానికి ఇంటికొచ్చాడు. కాళమ్మ చేపల పులుసు వడ్డించింది. ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే తీరిగ్గా అంది:

"ఇంకేటి బయం నేదురా. గంగమ్మ తల్లి దాంతోనే ఉంది."

మల్లేశు చెయ్యి ఆగిపోయింది. కొత్త పడవని నీళ్ళలోకి దించేముందు వాళ్ళ ఇంటి పెద్దామె చేసే పని ఒకటుంది. పసుపు గుడ్డలో గంగమ్మ పేరు చెప్పి మూట కట్టి, పడవలో దాస్తుంది. ఎక్కడ దాచిందీ పంపేవాళ్ళకి చెప్పదు. చెబితే కాపు పోతుందని నమ్మకం.

"అమా... మూటలో ఏటెట్టావు?"

"ఏటెడతారు? పసుపు బియ్యం, ఏపాకు, చిటికెడు మన ఒడ్డు ఇసక."

గింజ, ఆకు, మట్టి. ఆ దేశంవాళ్ళు వద్దన్నవన్నీ ఏరి కోరి ఒక్క గుడ్డలో కట్టింది తల్లి.

"ఎక్కడెట్టావే?"

"సెప్పకూడదు."

"అమా, ఆ జీపు ఎనక్కొచ్చేస్తాది! తుక్కు కింద కొట్టేస్తారు! గౌతమి ఏటైపోద్ది, నా మీసం ఏటైపోద్ది?"

"మీ నాన్న పడవ ఎన్ని తుఫాన్లకి ఎనక్కొచ్చింది? అన్నిటికీ మూటతోనే వచ్చింది. తిను, సల్లారిపోతంది."

మల్లేశు తినలేదు. కడుక్కోని చేత్తోనే ఆటో ఎక్కాడు. జెట్టీ గేటు దగ్గర కాపలావాడు ఆపి, మళ్ళీ ఎందుకొచ్చావన్నాడు.

"జీపులో గంగమ్మ ఉండిపోయింది భయ్యా!"

ఎవరో ముసలావిడ లోపల ఇరుక్కుపోయిందనుకుని వాడు గబగబా గేటు తెరిచాడు.

క్రేను అప్పటికే కదులుతోంది. జీపు ముందు రెండే బండ్లున్నాయి. గౌతమికి సంగతి చెప్పి, మల్లేశు నేల మీద పడ్డాడు. ఎవరూ చెప్పకపోయినా, పడవలో మూట ఎప్పుడూ ముందు కొసనే, అణియం దగ్గరే ఉంటుందని అందరికీ తెలుసు. అందుకని ముందు బంపరు తడిమాడు, వించి సందులో వేళ్ళు పెట్టాడు. లేదు. సీట్ల కింద, బానెట్టు లోపల, లైట్ల వెనక వెతికాడు. ఎక్కడా లేదు. తన చేత్తో ప్రతి మరా విప్పి బిగించిన బండి ఇవాళ పరాయి బండిలా మొహం చాటేసింది. క్రేను ఒక బండిని ఎత్తేసింది.

గౌతమి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇలా పంపి అక్కడ తుక్కు చేయించే కంటే, ఇక్కడే ఉంచేద్దాం భయ్యా. డిగ్లీపూర్ వాగులో ఆగనిది పసుపు గుడ్డకి ఆగిపోయిందా?" అని, కన్నీళ్ళ మధ్యే కోపమొచ్చి, "పొద్దున ఏడుస్తోందన్నావు కదా, ఇప్పుడు నన్ను ఏడిపిస్తోంది!" అంది.

మల్లేశు నుదురు కొట్టుకున్నాడు. ఇంజను దగ్గు ఫోన్లో విని రోగం చెప్పే మొనగాడు, తన కింద ఉన్న ఇంజను రొప్పితే ఏడుపనుకున్నాడు!

"ఏడవలేదు దీదీ! ఊపిరాడలేదు! అమ్మ ముక్కులో ఎట్టేసింది!"

టైరెక్కి, గొట్టం పైనున్న చిల్లుల మూత తీసి చెయ్యి పెట్టాడు. మోచెయ్యి దాకా పోయింది, అందలేదు. టార్చి వేస్తే, లోపల వంపు దగ్గర పసుపుపచ్చగా ఏదో కనిపించింది. చుట్టూ చూశాడు. జెట్టీ చివర ఒకతను గాలం వేసుకుని కునికిపాట్లు పడుతున్నాడు. మల్లేశు వెళ్ళి ఒక్క మాటైనా అనకుండా అతని గాలం లాక్కొచ్చి, ఎర పీకేసి, గొట్టంలోకి వదిలాడు.

మొదటిసారి ఖాళీ. రెండోసారి ఏదో తగిలి జారింది. కూలీలు చుట్టూ మూగారు.

"అరే, లోపల చేపలున్నాయా భయ్యా?"

"గట్టిగా లాగకు, తెగుద్ది!"

"వదులు, వదిలి లాగు!"

క్రేను నడిపేవాడు కూడా పని ఆపి కిందికి వంగి చూశాడు. మూడోసారి గాలం బరువెక్కింది. మల్లేశు ఊపిరి బిగబట్టి, వేలి చుట్టూ దారం చుట్టుకుంటూ, కొంచెం కొంచెంగా లాగాడు. పసుపు మూట గొట్టం అంచు మీదకి వచ్చింది. కాళమ్మ వేసిన జాలరి ముడి, ఒక్క గింజ కూడా రాలలేదు. కూలీలు ఈలలు వేశారు. జాలరి ఇంట పుట్టిన మల్లేశు జీవితంలో గాలానికి పట్టిన మొదటి చేప అదే.

గౌతమి గొట్టం లోపలంతా టార్చి వేసి చూసి, తాళం తిప్పింది. జీపు గుర్రుమని, ఎప్పటిలా నిండుగా ఊపిరి తీసుకుంది. ఇద్దరూ దానికే ఆనుకుని నిలబడి, పిచ్చివాళ్ళలా నవ్వారు.

"అమ్మకి ఏం చెబుతాం భయ్యా? కాపు లేకుండా పంపితే అన్నం తినదు," అంది గౌతమి కాసేపటికి.

ఓడ అంచుకి పసుపు రంగు వేస్తున్న పెయింటరు దగ్గర మల్లేశు కుంచె అడిగాడు. గొట్టం మూత లోపల గుండ్రంగా బొట్టు పెట్టాడు. క్రేను జీపుని ఆకాశంలోకి ఎత్తింది.

ఇంటికెళ్ళి మూటని తల్లి చేతిలో పెట్టాడు. కాళమ్మ వినాల్సిందంతా వింది.

"పెయింటు పసుపు అవుద్దేటిరా?"

"పడవకి ఏటా నువ్వు దగ్గరుండి ఏయించేది పెయింటే కదా. తల్లి ఎప్పుడైనా వద్దందా?"

కాళమ్మ కాసేపు వక్క నమిలింది. "అవున్లే. అయినా ముక్కులో బొట్టేటిరా సన్నాసీ, నుదుట పెట్టాలి గానీ," అంది. అంటే ఒప్పుకున్నట్టే. అంతలోనే మరో మాట: "తీసిన మూట నేల మీద ఉండకూడదు. ఆ జీపు దిగినాక, నువ్వే పడవెక్కి లోతు నీళ్ళలో వదలాల."

గౌతమి వెళ్ళిపోయింది. ఓడ ఎప్పుడో వెళ్ళింది. వారాలు గడిచాయి. మల్లేశు గొప్పలు తగ్గాయి, టీకొట్టు దగ్గర అందరికీ ఏదో జబ్బనిపించింది. ఒక ఉదయం ఫోను మోగింది. వీడియోలో గౌతమి, ఆమె వెనక జీపు, దాని వెనక పచ్చటి కొండ.

"పాస్ అయింది భయ్యా! ఆఫీసరు కింద పడుకుని చూశాడు, సీట్లు ఎత్తి చూశాడు. గొట్టం మూత తీసి ఆ పసుపు చూసి ఆగిపోయాడు. నా ప్రాణం పోయింది. గోటితో గీకాడు. పెయింటే కదా! ఇంత శుభ్రమైన బండి ఈ ఏడాది చూడలేదన్నాడు!"

మల్లేశు బోర్లించిన పడవ మీద కూలబడ్డాడు. మీసం ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. అన్ని వారాలుగా గుండెల మీద కూర్చున్న ఇంజనేదో ఎవరో దించేసినట్టయింది.

ఆ మధ్యాహ్నమే చిరంజీవి బాబాయి పడవ తీశాడు. మల్లేశు మూట పట్టుకుని ఎక్కాడు. గణేష్ కొట్టు మూసి మరీ ఒడ్డున నిలబడి చూశాడు. ఒడ్డు కనుమరుగు కాకముందే మల్లేశు పడవ అంచు పట్టుకున్నాడు. అయినా లోతు నీళ్ళ దాకా వెళ్ళాడు. మూట వదిలాడు. అది మునిగేదాకా చూసి, తలొంచి మళ్ళీ వాంతి చేసుకున్నాడు.

"తిప్పేయనా?" అన్నాడు చిరంజీవి నవ్వాపుకుంటూ.

మల్లేశు మూతి తుడుచుకుని, తడిసిన మీసం మెలేశాడు. "ఏటి తొందర బాబాయ్. గొట్టంలోంచి నేను తీసిన చేప ఎంత ఉంటాదో నీకు చెప్పనేదు కదా," అని రెండు చేతులూ బార చాపాడు. పడవ ఊగేసరికి మళ్ళీ అంచు పట్టుకున్నాడు.