సికింద్రాబాదులో తప్పిపోయిన పదో రేడియం సూది

శనివారం ఉదయం పదకొండు గంటలకు, తప్పిపోయిన పదో రేడియం సూది దొరికింది. అది దొరక్కపోతే మా వదిన చికిత్స ఆగిపోయేది.

వదిన మేరమ్మకు లోబుగ్గలో పుండు లేచింది. బెజవాడ డాక్టరు చూసి, రేడియం పెట్టించాలి, సికింద్రాబాదు తీసుకువెళ్ళమన్నారు. అన్నయ్యకు బడిలో సెలవు దొరకలేదు, నాకు పత్రికలో దొరికింది. రాత్రి బండెక్కి, కాజీపేట మీదుగా తెల్లవారేసరికి సికింద్రాబాదులో దిగాం. పోలీసు చర్య జరిగి మూడేళ్ళయినా ఇక్కడ ఇంకా రెండు నాణేలు నడుస్తున్నాయి. రాంగోపాల్‌పేట అవతలి ఆసుపత్రికి జట్కా అతను రూపాయి అడిగాడు. ఇండియా రూపాయి కల్దారా, నిజాం రూపాయి హాలీయా అన్నాను. "ఏదిచ్చినా తీస్కుంట సాబ్. కల్దారైతే జెర ఖుషీగ తోల్త" అన్నాడు. కల్దారే ఇచ్చాను.

లోపల రేడియం నింపి, పుండులో గుచ్చి ఉంచే సూదులు ఆసుపత్రిలో ఉన్నవి పదే. ఒకరికి తీశాకే మరొకరికి పెడతారు. వదినకంటే ముందు వంతు గాజులమ్మే ఖాసింబీది. ఎనిమిదింటికి ఆమె బుగ్గలోంచి సూదులు తీసి, నోట్లో దూది పెట్టి, సూదులున్నప్పటిలాగే మధ్యాహ్నం దాకా మాట్లాడవద్దని వరండాలో కూర్చోబెట్టారు. పళ్ళెంలో చూస్తే తొమ్మిదే ఉన్నాయి. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్న సిస్టర్ రత్నమ్మ వార్డు తలుపులు మూయించింది. దుప్పట్లు దులిపారు, తూములు వెతికారు. పదీ చేతికి రానిదే కొత్త రోగిని తీసుకునేది లేదని పెద్ద డాక్టరు చెప్పారు. వదిన అప్పుడే మూట కట్టేసింది. "సూదినే పోగొట్టుకున్నవాళ్ళు నా బుగ్గనేం బాగుచేస్తారు? పోదాం పద అబ్బాయ్" అంది.

ఇంతలో ఆసుపత్రి కబురందుకుని కళాశాల నుంచి భౌతికశాస్త్రం లెక్చరరు గైగర్ కౌంటర్ తెచ్చాడు. చిన్న గొట్టం, బ్యాటరీల పెట్టె, ఒక హెడ్‌ఫోను. పెట్టె నేను మోశాను. నడుస్తూనే అతను విషయం చెప్పాడు. రేడియంను మిల్లీగ్రాముల్లో తూస్తారు, దాని కిరణాలను రాంట్‌జన్‌లలో కొలుస్తారు. పొయ్యిలో ఎన్ని బొగ్గులున్నాయన్నది ఒక లెక్క, ముందు కూర్చున్నవాడికి ఎంత సెగ తగిలిందన్నది ఇంకో లెక్క. దూరం సగమైతే సెగ నాలుగింతలు. ఈ యంత్రం తనకు తగిలిన కిరణానికల్లా టిక్కుమంటుంది. రేడియం లేనిచోట కూడా అడపాదడపా అంటుంది. అవి నేలలోంచి, ఆకాశం నుంచి ఎప్పుడూ వచ్చే కిరణాలు.

తూము దగ్గర అడపాదడపా టిక్కులే. బూడిద గుంట దగ్గరా అంతే. మిగతా తొమ్మిదీ దూరపు గదిలో సీసపు పెట్టెలో ఉన్నాయి. అయినా వరండా వైపు తిరగగానే టిక్కులు వరస కట్టాయి. లెక్చరరు హెడ్‌ఫోను ఒక పక్క నా చెవికి ఆనించాడు. నాలుగడుగులు వేసేసరికి నూనెలో ఆవాలు చిటపటలాడినట్టే ఉంది. గొట్టం ఖాసింబీ నడుము దగ్గర ఆగింది.

ఆమె నోట్లోంచి దూది తీసేసింది. "తెల్లారగట్ల నోట్లకెళ్ళి జారింది. కడిగి కొంగుల ముడేసిన. చెప్దామంటే మాట్లాడొద్దంటిరి. సైగ చేస్తే నీళ్ళు తాపితిరి."

కొంగున ఎందుకు కట్టావని సిస్టర్ అడిగింది.

"బంగారం కంటె పిరమని మీరే అంటిరి గద సిస్టరమ్మా. పిరమైనది కొంగుల గాక యాడ కట్టాలె?"

సిస్టర్ నవ్వలేదు. పొడుగు పటకారుతో ముడి విప్పి, సూదిని ఒక గుడ్డతో తుడిచి సీసపు పెట్టెలో వేసింది. నడుము మీద చర్మం కందుతుందేమో చూడాలని ఖాసింబీని ఇంకొన్నాళ్ళు ఉండమన్నారు. ఆ గుడ్డ దగ్గర కౌంటర్ మామూలుగానే పలికింది. సూది చిట్లి రేడియం బయటపడలేదన్నమాట. నొప్పి ఎలా ఉంటుందని వదిన ఖాసింబీని మెల్లగా అడిగింది. "నొప్పి ఓర్చుకోవచ్చక్కా. మాట్లాడకుండ ఉండుడే తక్లీఫ్" అందామె. వదిన వెళ్ళి మూట విప్పి, చీరలు మంచం మీద పెట్టింది.

కంటికి కనిపించని, వాసన లేని కిరణాల ఆచూకీని ఈ రోజు చెవులారా విన్నాను. ఎంత, ఎంత దూరంలో, ఎంతసేపు అన్న మూడు ప్రశ్నలు వేయడం తెలిస్తే రేడియం దగ్గర మసలవచ్చు. ఈ చికిత్సకు రోగిని తెచ్చేవారికి ఒక మాట: కట్టులోంచి, నోట్లోంచి ఏది రాలినా ముట్టుకోనివ్వకండి. మాట్లాడకూడని రోగికి ఒక చిన్న గంట వెంట తెచ్చి ఇవ్వండి.

సోమవారం ఉదయం ఏడింటికి వదినకు పది సూదులూ పెడతారు.