కపిలబావి తోట పత్రం

తళి దగ్గర కపిలబావి తోటంటే శ్రీరంగప్ప వంశానికి ఇంటిపేరులాంటిది. ముత్తాతకు తాత కోలారు వైపు కరువొస్తే రెండెద్దులతో ఈ మెట్టకు వచ్చి, బండ తొలిచి ఆ బావి తవ్వాడట. ఎద్దులు తోలుబొక్కెనతో నీళ్లు లాగినప్పటి మోకు గాట్లు గట్టు రాళ్ల మీద ఇంకా ఉన్నాయి. ఏటా రాగులు చల్లే ముందు శ్రీరంగప్ప ఆ రాళ్లు కడిగి, పసుపు పెట్టి, ఏడు తరాల పేర్లూ పైకి చెప్పేవాడు.

అతను చదివింది ఊళ్లోని తెలుగు బడిలో. శనివారాలు భజన గుడిలో భాగవతం చదివి అర్థం చెబుతాడు గనక ఊరు అతన్ని గౌరవించేది. అరవ అక్షరాలు మాత్రం రావు. తమిళనాడు గనక ఆఫీసు కాగితాలన్నీ అరవమే. అయినా ఏనాడూ ఇబ్బంది పడలేదు; హోసూరులో పదో తరగతి దాకా అరవం చదివిన తమ్ముడు చెన్నకేశవ ఉన్నాడు.

తండ్రి పోయిన మరుసటేడు, తొంభై ఆరులో, చెన్నకేశవ ఒక పత్రం రాయించాడు. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో అక్షరాల వెంట వేలు నడుపుతూ చదివి వినిపించాడు.

"నాయన పేరు తీసి మనిద్దరి పేర్లూ ఎక్కిస్తా ఉండారన్నా. అంతే."

పత్రాలు రాసే ముసలాయన బల్ల మీద జరిగి చోటిచ్చి, "మీరు చదివినారా సామీ?" అని అడిగాడు.

"మా తమ్ముడు చదివినాడప్పా" అని నవ్వి, శ్రీరంగప్ప తెలుగులో సంతకం పెట్టాడు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు అన్నకే ఇచ్చాడు చెన్నకేశవ.

రెండేళ్లకు గులాబీల కంపెనీ మనుషులు వచ్చి బావి చుట్టూ గొలుసుతో కొలవసాగారు. "ఎవురప్పా మీరు? మా తోటలో ఏం పని?" అని పరుగున పోయాడు శ్రీరంగప్ప. వాళ్లలో ఒకతను ముందు తాగడానికి నీళ్లిచ్చి, తర్వాత జిరాక్సు కాపీ చేతిలో పెట్టాడు.

"మీ తమ్ముడు అమ్మినాడు పెద్దాయనా. మీరు ముందే ఆయనకు రాసిచ్చినారు కదా."

కూతురు కావ్యశ్రీది అరవ బడి, తొమ్మిదో తరగతి. అరుగు మీద కూర్చుని తెలుగులో చెబుతూ చదివింది. "శ్రీరంగప్ప అనే నేను... బావీ, దాని చుట్టూ అయిదెకరాల్లో నా హక్కంతా... తమ్ముడికి విడిచిపెట్టి..." తండ్రి మొహం చూసి ఆగింది. "అక్షరాలు మసకగా ఉండాయి నాయనా. మళ్లా చదువుతా."

"వద్దమ్మా. తెలిసిపోయింది."

ఆ పూటే తమ్ముడింటికి పోయాడు. మరదలు మంజులమ్మ తలెత్తకుండా మజ్జిగ తెచ్చింది. ఎప్పటిలాగే అతనికిష్టమని కరివేపాకు నలిపి వేసింది.

"ఏంరా కేశవా, ఆ పొద్దు నువ్వు చదివింది యాడుందిరా దీంట్లో?"

"సంతకం నీదే కదన్నా. చదవకుండా పెట్టినానంటే ఎవురు నమ్ముతారు? వారం వారం ఊరికి భాగవతం చెప్పే మనిషివి! పో, కోర్టులో నిలబడి చదవను రాదని చెప్పుకో పో."

శ్రీరంగప్ప మజ్జిగ తాగాడు. మరదలి మనసు నొప్పించలేక తాగాడు. గ్లాసు తనే కడిగి బోర్లించి వచ్చాడు.

దావా వేసి కృష్ణగిరి కోర్టులో బోనెక్కేసరికి ఇంకో రెండేళ్లు గడిచాయి. కావ్యశ్రీతో పాటు, అభిమానం కొద్దీ ఊరివాళ్లు పదిమంది తోడొచ్చారు. జడ్జి పత్రం చూపించి, చదవగలరా అని అడిగారు. ఎదురుగా తమ్ముడు. తను చంకనేసుకుని పెంచినవాడు. చూపు కూడా తిప్పుకోలేదు.

"రాదు సామీ. ఒక్కక్షరం రాదు. తమ్ముడు చదివినాడని పెట్టినాను."

వెనక ఎవరో దగ్గారు. గుమాస్తా ఆ మాటలు అరవంలో రాసి, సంతకం కోసం కాగితం ముందుకు జరిపాడు. శ్రీరంగప్ప పెన్ను అందుకోలేదు.

"ముందు మా పాప చదవాల సామీ" అన్నాడు.