మందు అన్న మాట

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది నన్ను బరంపురంలోని ఒక పరిశోధనశాలకు సీనియర్ టెక్నికల్ ఆఫీసరుగా వేశారు. ఉద్యోగంలో అదే నా ఆఖరి పోస్టింగు. సొంత ఊరికి చేర్చినందుకు ఠాకురాణి అమ్మవారికి దణ్ణం పెట్టుకుని చేరాను.

జన్యు చికిత్సలో మంచి జన్యువును కణంలోకి మోసుకెళ్ళడానికి చాలాచోట్ల హాని తీసేసిన వైరస్‌ను వాడతారు. మా విభాగం వైరస్ జోలికి పోకుండా, కంటికి కనిపించని కొవ్వు పొట్లాల్లో పెట్టి పంపే పద్ధతి మీద పనిచేసేది. మా గురి సికిల్ సెల్, అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయి నొప్పులు తెచ్చే జబ్బు. అందుకు పొట్లం ఎర్రకణాలు పుట్టే ఎముక మజ్జకు చేరాలి. మావి ఎలుకల్లోనే కాలేయం దాటేవి కావు.

పరీక్షలకు రోగుల రక్తం కావాలి. దగ్గర్లోని చికిటిలో మొదటి శిబిరం పెట్టి మా ప్రధాన పరిశోధకుడు స్వయంగా మాట్లాడి వచ్చారు. అక్కడే పెట్టిన రెండోదానికి నేను వెళ్ళాను. కూలిపని చేసుకునే గౌరమ్మ తన కూతురు జ్యోతిని ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుంది. పిల్ల మోకాళ్ళు పట్టుకుని మూలుగుతోంది. రోజూ వేయాల్సిన మాత్రలు వేస్తున్నావా అని అడిగాను.

"మానిపించేసినానమ్మా. మీ పెద్దసారే సెప్పినారు గదా, మందొచ్చేత్తందని. కొత్తదొత్తంటే పాతదేటికి?"

ముందు పిల్లను ఆసుపత్రికి పంపించాను. తిరిగొచ్చి ఆయన్ని నిలదీశాను. పరిశోధన అంటే జనం రారనీ, మందు అంటే వస్తారనీ, ఆ తేడా వాళ్ళకెలాగూ తెలియదనీ తాపీగా చెప్పారు. ఒళ్ళు మండిపోయింది. నాకు చిన్నప్పటి చదువంతా ఇంట్లో తాతగారి దగ్గరే. అర్థం చెప్పలేని మాటను ఆయన నా నోట రానిచ్చేవారు కాదు. ఆ చదువుకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఈ పెద్దమనిషికి అర్థం తెలుసు. తెలిసే వాడారు.

డైరెక్టరు దాకా వెళ్ళి చికిటిలో మళ్ళీ అందరినీ కూర్చోబెట్టించాను. ఇది మందు కాదు, ఇంకా ఎలుకల దగ్గరే ఉంది, పొట్లాలు మజ్జకు చేరడం లేదు అని చెప్పాను.

"అంటే బరంపురానికి టిక్కట్టు కొని దారిలో కల్లికోటలోనే దిగిపోతన్నాయన్నమాట," అంది గౌరమ్మ. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఈ ముక్క ఆరోజే సెప్పుంటే నా పిల్ల గోళీలు ఆపుదునా అమ్మా?"

జ్యోతి తేరుకుంది, మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. గౌరమ్మ మాత్రం రక్తం ఇవ్వనంది. ఆమె వెనకే చాలామంది లేచి వెళ్ళిపోయారు. శిబిరం పాడుచేశానని పైవారు నన్నే తప్పుపట్టారు.

ఎలుకను దాటనిదాన్ని మందు అనకూడదు. నేర్చుకున్నది అంతే. జనానికి అర్థం కాదనే వాళ్ళను నేను ఆ తర్వాత ఎప్పుడూ నమ్మలేదు.